మలుపు దగ్గర బండి చప్పుడు

పెళ్లానికి మొగుడెవరో తెలియకుండా పోవడాన్ని మించిన దరిద్రం ఇంకోటి ఉంటుందా అని ఎవరైనా అడిగితే, ఎందుకుండదూ, ఉంటుంది. ఆ మొగుణ్ణే పట్టుకుని "బాబాయిగారూ" అని మర్యాదగా పిలవడం ఉంటుంది. ఫిట్టరుకి ఆ యోగం పట్టి చాలాకాలమైంది.

ఆయన్ను వీధిలో అందరూ ఫిట్టరనే అంటారు. కాగితం మిల్లులో జీవితమంతా యంత్రాల కింద దూరి, ఒళ్లంతా నూనె మరకలతో పైకి లేచి, చివరికి ఓ గోడగడియారం చేతిలో పెట్టించుకుని బయటికొచ్చినవాడు. పిల్లల్లేరు. ఉన్నది తనూ, భార్యా. ఆవిడకి మతి తప్పింది. మతి తప్పడమంటే కేకలూ గోలా ఏమీ లేవు. మెల్లగా వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయింది, అంతే. ముందు నిన్నమొన్నటి సంగతులు పోయాయి. తర్వాత ఆయన రిటైరవడం పోయింది. ఆ తర్వాత ఆయన జుట్టు నెరవడం, పళ్లు ఊడడం, మోకాలు చెడడం అన్నీ వరసగా పోయాయి. ఇప్పుడావిడ కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. మొగుడు నల్లమీసాలవాడు, మిల్లుకెళ్లాడు, సాయంత్రం వస్తాడు. మరి ఇంట్లో తిరుగుతున్న ఈ తెల్లజుట్టాయన ఎవరూ అంటే, ఎవరో దూరపు చుట్టం. పాపం మంచివాడే. కంచంలో వడ్డిస్తున్నాడు, వేళకి మందులిస్తున్నాడు. కానీ ఎంత మంచివాడైతే మాత్రం, పొద్దువాలేదాకా పరాయివాళ్లింట్లో కూర్చుంటే బాగుంటుందా?

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. మా ఆయన వచ్చే వేళయింది. ఇంక మీరు బయల్దేరితే బాగుంటుంది," అనేది రోజూ, ఎండ గోడ దిగేసరికి.

మొదట్లో ఫిట్టరు వాదించాడు. పెళ్లిఫొటో తెచ్చి చూపించాడు. ఆవిడ ఫొటోనీ ఆయన్నీ మార్చిమార్చి చూసి, "మా ఆయనకి మీరేమవుతారు? ముక్కు అచ్చం మీ పోలికే," అంది. ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రోజు నవ్వాడు. తర్వాత్తర్వాత నవ్వు రావడం మానేసింది. ఇప్పుడావిడ చీకటిపడే వేళకి ఆయన్ను బయటికి పంపి గడియ పెట్టుకుంటోంది. ఆయన మెట్టు మీద కూర్చుని, ఆవిడ నిద్రపోయాక పెరటి తలుపులోంచి దొంగలా తన ఇంట్లో తను దూరుతున్నాడు. మొన్నటి నుంచి ఆయన చేతి ముద్ద కూడా ముట్టడం లేదు. పరాయి మగవాడి చేత తినిపించుకోవడమేంటి అని సిగ్గుపడి మొహం తిప్పుకుంటోంది.

"అన్నయ్యగారూ, మీరెంతకని చేస్తారు? ఎక్కడైనా చేర్పించండి. వదినని చూసుకునేవాళ్లుంటారు," అంది ఎదురింటావిడ. మంచి మనసుతోనే అంది. డాక్టరు కూడా ఇది వెనక్కి తిరిగే జబ్బు కాదని మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఫిట్టరు ఇద్దరికీ తలూపాడు, ఒక్కరి మాటా వినలేదు. ఆవిడకి నయం కావాలని ఆయనేమీ ఆశపడడం లేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన మొహం చూసి "ఏమండీ" అనాలి. తర్వాత ఏ గదిలో చేర్పించమన్నా చేర్పిస్తాడు. అంతవరకూ మాత్రం ససేమిరా.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం వీధిలోంచి ఏదో పాతకాలపు మోటార్ సైకిల్ డుబుడుబుమంటూ వెళ్లింది. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి గబుక్కున లేచి కూర్చుంది. చేత్తో జుట్టు సవరించుకుంది. చెవి రిక్కించి విని, మళ్లీ వాలిపోయింది.

"మా ఆయన బండి కాదులెండి. దీనికి గొంతులో గరగర లేదు," అంది.

ఫిట్టరు చేతిలోని గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. మొగుడి మొహం మర్చిపోయింది గానీ, ఈ పిచ్చిది మొగుడి బండి గొంతు మర్చిపోలేదు!

ఆ బండి సంగతి చెప్పాలి. మిల్లు వదిలాక రోడ్డు మీదికి పడే బండ్లన్నిట్లో ఆవిడ తన మొగుడి బండిని పట్టేసేది. మలుపు దగ్గర గేరు తగ్గించినప్పుడు ఒక గరగర, ఇంటి ముందుకొచ్చి ఆపేముందు రెండుసార్లు రేజ్ చేస్తే గుర్రుగుర్రుమనే శబ్దం. రెండో గుర్రు పూర్తయ్యేలోపు తలుపు గడియ తీసుండేది. ఆయన తలుపు కొట్టిన రోజు లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆవిణ్ణి ఏడిపించేవాళ్లు: "నీకు మొగుడంటే ప్రేమా, బండంటే ప్రేమా?" అని.

ఆ మిల్లులో ఒక పద్ధతి కూడా ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. యంత్రం దగ్గర ఎవరికైనా జరగరానిది జరిగితే, ఆఫీసు నుంచి కబురు వెళ్లేలోపే తోటివాళ్లు ఆ మనిషి బండిని తీసుకెళ్లి వాళ్లింటి ముందు పెట్టేవాళ్లు. షెడ్డులో అది ఒంటరిగా నిలబడి ఉంటే చూడలేక చేసేపని అది. రోలరు దగ్గర పనిచేసే పక్కింటాయన పోయిన రోజున ఆయన బండిని తెచ్చింది ఫిట్టరే. పక్కింటావిడ ఏమైందని కూడా అడగలేదు. మొగుడి బండి మీద ఇంకో మనిషిని చూసింది, గుమ్మంలోనే కూలబడింది. ఇటు గుమ్మంలో నిలబడి ఫిట్టరు భార్య అదంతా చూసింది.

"మీ బండి మీద మీరే రావాలి," అంది ఆ రాత్రి, ఆయన చెయ్యి పట్టుకుని. "ఇంకెవరూ తేవడానికి వీల్లేదు. ఎవరికీ ఇవ్వకండి."

ఇవ్వలేదు. టీకి వెళ్లొస్తానన్నవాడికీ ఇవ్వలేదు, ఆస్పత్రికన్నవాడికీ ఇవ్వలేదు. కావాలంటే వెనక కూర్చోపెట్టుకుని తనే దింపేవాడు. ఫిట్టరు ప్రాణమడిగితే ఇస్తాడు గానీ బండడిగితే ఇవ్వడని మిల్లంతా వేళాకోళమాడింది. ఆయన పట్టించుకోలేదు. తర్వాత రోజులు గడిచాయి, ఆ మాటా పాతబడింది. భార్యని వదిలి బయటికెళ్లలేని పరిస్థితి వచ్చాక బండిని పెరటి రేకుల కిందికి తోసి, మీద పాత దుప్పటి కప్పాడు. పెరటి మెట్టు దిగాలంటే ఆవిడకి భయం, అటు రాదు. బండి అక్కడ పడి ఉందన్న సంగతి లోకంలో అందరూ మర్చిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం ఎదురింటావిణ్ణి ఆవిడ దగ్గర కూర్చోపెట్టి, ఫిట్టరు పాత ఖాకీ మిల్లు చొక్కా వేసుకుని దుప్పటి లాగాడు.

ఏముంది చూడ్డానికి! రెండు టైర్లూ నేలకి అతుక్కుపోయాయి. సీటు చిరిగి లోపలి పీచు బయటపడింది. సైలెన్సర్‌లో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఖాళీ చేసి వెళ్లాయి కూడా. టాంకు మూత తీస్తే పెట్రోలు వాసన రాలేదు, వార్నిషు వాసనొచ్చింది. కిక్ మీద కాలు పెట్టి తొక్కితే రాయిని తొక్కినట్టుంది. ఇంజను బిగుసుకుపోయింది.

టైర్లకి ట్యూబులు వెయ్యడానికొచ్చిన వీధి చివరి మెకానిక్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"గురువుగారూ, దీనికి పెట్రోలు కాదు, సెలైన్ ఎక్కించాలి."

"నీ పని నువ్వు చెయ్యరా నాయనా."

"చేస్తాను. కానీ ఇప్పుడు దీంతో మీకేం పని చెప్పండి? కూరలకా? నేను తెచ్చిపెడతాగా?"

"ఇంటికి రావాలి," అన్నాడు ఫిట్టరు.

మెకానిక్‌కి అర్థం కాలేదు. ముసలాయన మొహం చూసి ట్యూబు అందుకున్నాడు.

పని మొదలైంది. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసే వేళే ఆయనకి పని వేళ. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి ఇంజనులోకి నూనె పోసి నానబెట్టాడు. టాంకు విప్పి అందులో గుప్పెడు పాత బోల్టులు వేసి, కిరసనాయిలు పోసి, చంటిపిల్లని ఊపినట్టు ఊపితే ఎర్రటి తుప్పు కక్కింది. కార్బొరేటరు మైనం పూసినట్టు జిగటగా ఉంది. దాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, పెట్రోలు వచ్చే జెట్టు కన్నాన్ని సన్నటి రాగితీగ పోగుతో పొడిచి, నోటితో ఊది చూశాడు. కంటికి దగ్గరగా పెట్టుకుని వెలుగు కనపడేదాకా వదల్లేదు. ఒకప్పుడు యంత్రం నడుస్తుండగానే చెయ్యి పెట్టి బోల్టు బిగించిన చేతులు, ఇప్పుడు ఇంత స్క్రూ జారవిడిచి నేలమీద తడుముకుంటున్నాయి. ఆయనకి ఒళ్లు మండిపోయేది, ఎవరి మీదో తెలియకుండా.

నూనె బాగా నానిందనిపించాక బండిని గేరులో పెట్టి, వెనక చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపడం మొదలుపెట్టాడు. ఒకరోజు కదల్లేదు. ఇంకోరోజు కదల్లేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం లోపల ఏదో వదిలినట్టు చక్రం జానెడు తిరిగింది. ఫిట్టరు ప్రాణం లేచొచ్చింది. "వచ్చావా తల్లీ, వచ్చావా," అని టాంకుని నిమిరాడు.

కదలడం వేరు, స్టార్టవడం వేరు. కొత్త పెట్రోలు పోసి, కొత్త ప్లగ్గు పెట్టి కిక్ కొడితే చప్పుడే లేదు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు గరుకుకాగితంతో రుద్ది మళ్లీ కొట్టాడు. చోక్ లాగి కొట్టాడు, చోక్ వదిలి కొట్టాడు. మోకాలు ఇంత లావున వాచింది.

"జరగండి గురువుగారూ, నేను కొడతాను," అన్నాడు మెకానిక్, చూసి చూసి.

"వద్దు. నా బండిని నేనే కొట్టాలి."

"అబ్బ, ఇప్పటికీ అదే పట్టుదలా? మా నాన్న చెప్పేవాడు మీ బండి సంగతి!"

ఆయన మళ్లీ కిక్ మీద కాలు పెట్టాడు. కొట్టాడు. కొట్టాడు. చివరికి కాలు జారి కిక్ వెనక్కి తన్ని పిక్కకి తగిలితే, అక్కడే నేలమీద కూలబడి బండి చక్రానికి నుదురానించాడు. "నువ్వు కూడా నన్ను గుర్తుపట్టవా? నీకేం రోగమే?" అని వెక్కివెక్కి ఏడ్చాడు. మెకానిక్ ఎటు చూడాలో తెలియక పాత ప్లగ్గు తీసి తుడుస్తూ నిలబడ్డాడు.

ఎంతసేపటికో లేచాడు. బండిని ఒకవైపుకి వంచి, పెట్రోలు కాస్త కార్బొరేటరులోకి జారనిచ్చాడు. కుర్రతనంలో చలికాలప్పొద్దుల్లో చేసే పని అది, ఇన్నాళ్లకి గుర్తొచ్చింది. నిలబెట్టి, ఊపిరి బిగబట్టి, చెడిన కాలు కాదని రెండోకాలితో ఒక్క తన్ను తన్నాడు.

బండి దగ్గింది. ఇంకో తన్ను. సైలెన్సర్‌లోంచి ఎలుకలు వదిలిపోయిన చెత్తంతా నల్లటి పొగతో కలిసి ఎగిరిపడింది, డుబ్‌మంది, ఆగుతుందనిపించి ఆగకుండా అందుకుంది. గొంతులో ఆ గరగరతో సహా!

అప్పుడు వంటింట్లోంచి, గోడ అవతలి నుంచి, కునుకు తీరి లేచిన ఆవిడ గొంతు వినిపించింది.

"ఏమండీ! వెళ్తున్నారా?"

ఫిట్టరు చెయ్యి యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోయింది. ఆ పిలుపు చెవినపడి ఎంతకాలమైందో ఆయనకే గుర్తులేదు. కళ్లముందు బండీ, రేకులూ, మెకానిక్కూ అంతా అలుక్కుపోయింది.

"ఊఁ! వెళ్తున్నా!" అని గట్టిగా అరిచాడు.

"పెందలాడే రండి!"

"వస్తానే! వచ్చేస్తా!"

లోపల ఆవిడకి తోడున్న ఎదురింటావిడ పెరటి గుమ్మంలోకి వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ కళ్లు కూడా చెమర్చాయి. "వెళ్లిరండి అన్నయ్యగారూ. నేనుంటాను. సాయంత్రం వచ్చినట్టే రండి," అంది మెల్లగా. మెకానిక్ పరిగెత్తి పెరటి గేటు తీసి పట్టుకున్నాడు.

ఆయన నేరుగా మిల్లుకే వెళ్లాడు. అక్కడ ఇప్పుడు మిల్లు లేదు, గోడలున్నాయి, తాళం వేసిన గేటుంది. బండిని గేటు ముందు నిలబెట్టి, నీడ చూసుకుంటూ కూర్చున్నాడు. చొక్కా నిండా నూనె, చేతుల నిండా నూనె. సరిగ్గా షిఫ్టు దిగి వచ్చినట్టే ఉన్నాను అనుకుని సంతోషించాడు. పిచ్చిముండాకొడుకు, పెళ్లికొడుకులా మీసం కూడా దువ్వుకున్నాడు. ఏం మాట్లాడాలి? ఏమీ అక్కర్లేదు. బండి ఆపాలి, తలుపు తెరుచుకోవాలి, ఆవిడ చూడాలి. మిగతాదంతా చెవి చూసుకుంటుంది.

షిఫ్టు వదిలే వేళకి బండి తీశాడు. ఒకప్పుడు గుంపులో నుంచి దారి చేసుకోవాల్సొచ్చే రోడ్డు మీద ఒక్కడే వచ్చాడు. మలుపు దగ్గర గేరు తగ్గించాడు, గరగరమంది. ఇంటి ముందుకొచ్చి రెండుసార్లు రేజ్ చేశాడు.

రెండో గుర్రు పూర్తికాకముందే గడియ తీసిన చప్పుడైంది.

తలుపు తెరుచుకుంది. ఆవిడ జుట్టు దువ్వుకుంది, మొహం కడుక్కుంది. నవ్వుతోంది. ఆ నవ్వు ఫిట్టరుకి తెలుసు, ఆ నవ్వు కోసమే బతికాడు. బండి దిగి ఒక అడుగు వేశాడు.

ఆవిడ ఆయన్ను చూసింది. తర్వాత బండిని చూసింది. టాంకు మీది పాత సొట్ట దగ్గర చూపు ఆగింది. మళ్లీ ఆయన్ను చూసింది. నూనె మరకల మిల్లు చొక్కా చూసింది. నవ్వు అలాగే ఉంది గానీ అందులోంచి రంగు పోయింది.

"బాబాయిగారూ... బండి మీరు తెచ్చారేం?"

అప్పుడు ఫిట్టరుకి గుర్తొచ్చింది. అన్నీ మర్చిపోయిన ఆ మనిషి మిల్లు పద్ధతి మర్చిపోలేదు. మర్చిపోయింది తను.

"నేనే... నేనేనే, చూడు, నేనే వచ్చాను."

ఆవిడ వినలేదు. చెయ్యి గుమ్మాన్ని వెతుక్కుంది. పక్కింటావిడలాగే, అదే విధంగా, నిలబడ్డ చోటే జారిపోయింది. నోట్లోంచి ముందు ఏ చప్పుడూ రాలేదు. తర్వాత వచ్చింది. వీధి వీధంతా తలుపులు తీసేలా వచ్చింది.

"చెప్పాను కదండీ! ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను కదండీ!"

ఎదురింటావిడ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి పొదివి పట్టుకుంది. ఫిట్టరు మోకాలి సంగతి మర్చిపోయి ఎదురుగా కూలబడి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఒసేయ్, బతికే ఉన్నానే, నన్ను చూడవే, నేనేనే నీ మొగుణ్ణి," అన్నాడు. ఆవిడ చేతులు విదిలించుకుంది. ఆ ముసలి మొహం కేసి చూసి ఇంకా పెద్దగా ఏడ్చింది. పోయిన మొగుడి కోసం అంత నిజంగా ఏడుస్తున్న మనిషిని, ఆ మొగుడే ఎదురుగా కూర్చుని ఎలా ఓదారుస్తాడు? గుండెలు బాదుకుంటోంది. ఊపిరాడడం లేదు. ఇంకాసేపైతే ఏమైపోతుందో అని భయమేసింది ఆయనకి.

చేతులు వదిలేశాడు. కాస్త వెనక్కి జరిగాడు. ఎవరో పరాయివాడు నిలబడేంత దూరానికి.

"అమ్మా," అన్నాడు. "తప్పు నాది తల్లీ. ముందే చెప్పాల్సింది. అతనికేం కాలేదు."

ఏడుపు తెగి ఆగింది.

"బాగానే ఉన్నాడమ్మా. ఓవర్‌టైమ్ పడింది. బండి స్టార్టవ్వక సతాయిస్తోంది, నేను బాగుచేశాను. ఇంటి దగ్గర పెట్టి రమ్మన్నాడు."

"ఒట్టు?"

"ఒట్టు."

"మీ కళ్లతో మీరు చూశారా ఆయన్ని?"

"చూశానమ్మా. ఇప్పుడే చూసి వస్తున్నాను."

ఆవిడ ఆయన కళ్లలోకి వెతుకుతున్నట్టు చూసింది. ఎన్నాళ్లుగానో చూడమని బతిమాలినా చూడని చూపు అది. అంత దగ్గరగా, అంతసేపు. అబద్ధం లేదని తేలాక, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా గురించి అడిగారా?"

"అడిగాడు. పెందలాడే వద్దామనుకున్నాడట. కుదర్లేదన్నాడు."

"ఆయనంతే," అని ముక్కు ఎగబీల్చి కొంచెం నవ్వింది. ఎదురింటావిడ ఆసరాతో లేచి నిలబడింది. ఇంటి ఇల్లాలిలా చీర సర్దుకుని, చెయ్యి చాచింది.

"బండి తాళంచెవి ఇచ్చి వెళ్లండి బాబాయిగారూ. మీకు శ్రమైంది. ఆయన కనపడితే నా మాటగా ఒకటి చెప్పండి. ఎంత తెలిసినవాళ్లయినా సరే, పరాయివాళ్ల చేతికి బండి ఇవ్వొద్దన్నానని చెప్పండి."

"చెప్తానమ్మా," అన్నాడు ఫిట్టరు.

తాళంచెవి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఎదురింటావిడ ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లింది, తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. బండి ఇంజను ఇంకా వేడిగానే ఉంది, చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. ఎదురుగా గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే లోపలికెళ్లిపోయారు. ఫిట్టరు కుంటుకుంటూ వీధి గేటు దాటి, వెనక్కి తిరిగి, వచ్చిన పని అయిపోయిన మనిషిలా గేటు గొళ్లెం బయటి నుంచి వేశాడు.